ముగా పట్టు, సోమ్ చెట్టు

అస్సాము దేశపు బంగారు వన్నె పట్టునకు ముగా అని పేరు. తెలుగువారెరిగిన దసలిపట్టు పురుగునకు ముగా పురుగు జ్ఞాతి. 1837లో హెల్ఫర్ అను శాస్త్రజ్ఞుడు దీనిని శాస్త్రలోకమునకు ఎరుకపరచెను. బ్రహ్మపుత్ర లోయలోని గృహిణులకు మాత్రము అది తరతరముల చుట్టము.

మల్బరీ పురుగువలె ఇది ఇంట తట్టలలో పెరుగదు. సోమ్, సువాలు చెట్లపై ఎండవానల కోర్చి, పక్షులకు వెరచి ఆకు మేయును. ముదిరిన పురుగు చీకటివేళ మాను వెంబడి దిగివచ్చును. రైతు దానిని ఏరి ఎండుటాకుల కట్టలో విడిచిన, అందు గూడు కట్టును. మేత మారిన దారపు వన్నె మారును: సోమ్ ఆకు బంగారు నిగనిగ నిచ్చును, మేజంకరి ఆకు మీగడ తెలుపు నిచ్చును. అహోం రాజుల కాలమున ఆ తెల్లపట్టు ప్రభువర్గమునకు మిక్కిలి ప్రియమైనది.

1826లో యాండబూ సంధితో అస్సాము ఆంగ్లేయుల వశమయ్యెను. 1839లో అస్సాం కంపెనీ వెలసిన పిమ్మట తేయాకు తోటలు లోయ నిండ వ్యాపించెను. ఆ తోటలలో చల్లు మందు గాలివాటున సోమ్ ఆకుపై వ్రాలిన, ఆరుబయట మేయు పురుగు చచ్చును. 2007లో ముగాకు భౌగోళిక గుర్తింపు లభించెను. పేరునకు రక్షణ కలిగినది; ఆకునకు ఇంకను కలుగవలసియున్నది.