కుందేలును చూసిందెవరు?

‘అంధాధున్’ ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోతే మంచిది. గుట్టంతా బయటపెట్టబోతున్నా.

శ్రీరామ్ రాఘవన్ 2018లో తీసిన ఈ హిందీ సినిమా పోలండ్‌లోని క్రాకోలో ముగుస్తుంది. నల్లకళ్లద్దాలు పెట్టుకున్న పియానిస్టు ఆకాశ్ నడిచి వెళ్తుంటాడు. దారిలో ఖాళీ డబ్బా. చేతికర్రతో ఒక్కటిస్తాడు, డబ్బా ఎగిరి అవతల పడుతుంది. అంతే, సినిమా అయిపోయింది. ఇంతకీ అతనికి చూపుందా, లేదా? 2021లో నితిన్, తమన్నాలతో ‘మాస్ట్రో’గా తెలుగులోకి వచ్చినా ఈ పంచాయితీ తెగలేదు.

అందరూ డబ్బా పట్టుకునే వాదిస్తారు. నన్నడిగితే అది బలహీనమైన సాక్ష్యం. కర్ర ఊపుతుంటే తగిలిందని ఒక్క మాటతో కొట్టిపారేయొచ్చు. కథ మొదటికి వెళ్లాలి.

పుణెలో ఆకాశ్ కళ్లున్నా గుడ్డివాడిగా నటిస్తుంటాడు, సంగీతం మీద ధ్యాస నిలవడానికట. ప్రేమించిన సోఫీకి కూడా నిజం చెప్పడు. ఒకనాటి హీరో ఇంటికి పియానో వాయించడానికి వెళ్తాడు. నేల మీద ఆ హీరో శవం. ఎదురుగా అతని భార్య సిమి, అంటే మన హైదరాబాద్‌లో పుట్టిన టబు. చూసినట్టు కనిపిస్తే ప్రాణం పోతుంది. అందుకని వేళ్లు ఆపకుండా వాయిస్తూనే ఉంటాడు. ఆ పాట చాటునే సిమి, ఆమె ప్రియుడు సైగలు చేసుకుంటూ నెత్తురు తుడిచి శవాన్ని సర్దేస్తారు. పాత నోయర్ (చీకటి నేరకథల) సినిమాల్లో నేరానికి రాత్రి కావాలి, కిటికీ రెక్కల నీడలు కావాలి. రాఘవన్ పట్టపగలు, వెలుతురున్న ఇంట్లో కానిచ్చేశాడు. చీకటినంతా హీరో కళ్లలో పెట్టాడు, అదీ దొంగచీకటి.

తర్వాత సిమి అతన్ని నిజంగానే గుడ్డివాణ్ని చేస్తుంది. డాక్టర్ స్వామి బేరం పెడతాడు: సిమిని చంపి అవయవాలు అమ్ముకుందాం, ఆమె కార్నియా నీకు. ఒప్పుకోలేదని క్రాకోలో సోఫీకి చెబుతాడు ఆకాశ్. సిమి డాక్టర్ని చంపి, తనను కారుతో గుద్దబోయిందట. అంతలో వేటగాడి తూటా తప్పించుకున్న కుందేలు ఎగిరి అద్దానికి కొట్టుకుందట. కారు బోల్తా, సిమి పోయింది.

ఈ మాట నమ్మొచ్చా? ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944) సినిమాలో కథ చెప్పేవాడు తూటా తిని నేరం ఒప్పుకుంటుంటాడు. అతనికి అబద్ధంతో పనిలేదు. ఆకాశ్‌కు ఉంది, ఎదురుగా సోఫీ ఉంది కాబట్టి.

అసలు ముడి కుందేలు దగ్గరే ఉంది. అప్పటికి చూపులేని మనిషి, రోడ్డు మీద ఒంటరిగా నిలబడ్డవాడు, కారు అద్దానికి కొట్టుకున్నది కుందేలని ఎలా చెప్పగలడు? కారు వెనక డాక్టర్, సిమి పెనుగులాడినప్పుడు అతను చూశాడా? ఇప్పుడు చేతికర్ర పిడి చూడండి. కుందేలు తల! ‘ది యూజువల్ సస్పెక్ట్స్’ (1995)లో పోలీసు గదిలో కళ్లకు కనబడ్డ పేర్లతోనే ఒకడు కథ అల్లేస్తాడు. ఇతను చేతిలో ఉన్నదాంతో అల్లాడు.

సినిమా మొదట్లోనే కుందేలు కనిపిస్తుంది కదా అంటారు. క్యాబేజీ తోట, వేటగాడు, ఒంటికన్ను కుందేలు, తూటా. నిజమే, ఈ అడ్డంకి చిన్నది కాదు. నా మటుకు ఆ మొదటి షాటూ అతను చెప్పిన కథలోదే. టికెట్టు చింపినప్పటి నుంచీ మనం అతని మాటే వింటున్నాం. ఇంకొందరు కంటి రంగు మారాలి కదా అంటారు. కార్నియా గాజులా పారదర్శకం, రంగు దాని వెనకున్న పొరది. ఆ వాదన చెల్లదు.

కాబట్టి బేరం కుదిరిందనే నా లెక్క. మరి సోఫీ ముందు నాటకమెందుకు? కళ్లద్దాలు తీస్తే ఆమె అడిగే మొదటి ప్రశ్న, ఆ చూపు ఎవరిదని.