తోకాడించే 407

ఉదయం తొమ్మిది. రాత్రంతా సాగిన షూటింగ్‌కి ప్యాకప్ చెప్పేశారు. ఫిల్మ్‌నగర్ నుంచి దిగి, కృష్ణానగర్ దాటి, మధురానగర్ వైపు వస్తున్న లైట్ల బండిలో డ్రైవర్ పక్క సీటు మీది. పాత టాటా 407. ఈ మోడల్ 1986లో మార్కెట్లోకొచ్చింది. ఇది మరీ అప్పటిది కాదు గానీ, స్టీరింగ్ మీది నల్లపూత చేతులు పడ్డచోటల్లా అరిగిపోయింది. వెనక లైట్లు, స్టాండ్లు, కేబుల్ చుట్టలు.

స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ముందు చక్రాలు బుద్ధిగా దిగాయి. వెనక చక్రాలు దిగగానే బండి నడుము ఎడమకి, కుడికి, మళ్లీ ఎడమకి ఊగింది. మీ చెయ్యి దానంతటదే డాష్‌బోర్డు పట్టుకుంది. ముందు సగం ఒక బండిదీ, వెనక సగం ఇంకో బండిదీ అన్నట్టుంది.

"షాకబ్జర్లు పోయినయేమో అని పోయిన నెలే మార్పించానండి," అంటాడు డ్రైవర్. "అయినా ఇదే ఆట."

యూసఫ్‌గూడ రోడ్డు పక్క సందులో రేకుల షెడ్డు. లైట్‌బాయ్ సామాను దించబోతుంటే మేస్త్రి ఆపాడు.

"లోడు దించకు. రోగం లోడుతోనే కనబడ్తది."

మొదట టైర్లు. వెనక జంట టైర్లలో లోపలిదాన్ని ఎవరూ పట్టించుకోరు. గాలి తగ్గినా పక్కది మోసేస్తుంది, బయటికి తెలియదు. రాడ్డుతో నాలుగూ కొట్టి చూశాడు. చప్పుడు ఒకేలా ఉంది. చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని కుదిపాడు. బేరింగుల్లో ఆట లేదు. షాకిల్ సందులో గడ్డపలుగు పెట్టి ఎత్తితే బుష్షు కాస్త కదిలింది. "ఇది అరిగింది గానీ, అంత ఊపుడు దీనిది గాదు."

అప్పుడు జేబులోంచి దారం తీశాడు. కమాన్ కట్ట ముందు పిన్ను నుంచి యాక్సిల్ మధ్య దాకా కుడివైపు కొలిచి ముడి వేశాడు. అదే దారం ఎడమవైపు పెడితే ముడి చాల్లేదు. బొటనవేలి మందం తేడా.

మీరూ పడుకుని లోపలికి జరుగుతారు. టార్చి వెలుగులో యూబోల్టు పక్కన ఎర్రటి పొడి చార. మామూలు తుప్పు బురదలో కలిసిపోతుంది, ఇది కలవలేదు. ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నచోట రోజూ కొత్తగా రాలే పొడి.

ఈ బండిలో కమాన్ కట్టలు బరువు మొయ్యడంతో ఊరుకోవు, యాక్సిల్‌ని దాని చోట నిలబెట్టేవీ అవే. పట్టీలను యాక్సిల్‌కి అదిమి పట్టేది యూబోల్టుల బిగువు. మధ్యలో సెంటర్ బోల్టు గుర్తు కోసం దిగేసిన మేకులాంటిది. యూబోల్టులు వదులైతే పడకూడని బరువంతా దాని మీద పడి తెగుతుంది. ఆపైన యాక్సిల్ ఒక పక్క వెనక్కి జారుతుంది, వెనక చక్రాలు తమ దారి తాము పడతాయి.

"ఎక్స్‌ట్రా పట్టీ ఎవరేసిన్రు?"

డ్రైవర్ తల గోక్కున్నాడు. లైట్ల బరువుకి బండి కుంగుతోందని ఎప్పుడో ఒక పట్టీ చేర్చి, పాత యూబోల్టులే బిగించారు. కట్ట లావైంది, నట్టుకి మర సగమే దొరికింది. షాకులు మార్చిన డబ్బంతా వృథా. నాకైతే ఆ డ్రైవర్ మీద జాలేసింది. మనలో ఎవరైనా ముందు అదే మార్పించేవాళ్లం.

షెడ్డు కుర్రాడు కొత్త బోల్టుల కోసం వెళ్లాడు. టీ వచ్చింది. ఇక్కడికి దగ్గర్లోనే సారథి స్టూడియో. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి'ని అక్కడే తీశారు. అప్పుడూ లైట్లు మోసిన బండి ఒకటి ఉండే ఉంటుంది. దాని కమాన్ కట్టలు ఎవరు బిగించారో ఏ టైటిల్ కార్డులోనూ పడి ఉండదు.

ఇప్పుడు సామాను దించారు. ఛాసిస్ కింద దిమ్మెలు, యాక్సిల్ కింద జాకీ. తెగిన బోల్టు రెండు ముక్కలూ నేల మీద పడ్డాయి. పట్టీలను సి-క్లాంపుతో అదిమి కొత్త బోల్టు ఎక్కించి, దాని తల యాక్సిల్ మీది గుంటలో కూర్చునేదాకా మేస్త్రి జాకీని వేలెడు వేలెడు జరిపిస్తాడు. పొడుగు యూబోల్టులు నాలుగూ మార్చి మార్చి బిగించాడు. చక్రాలు నేలకి దించి, సామాను ఎక్కించాక మళ్లీ బిగించాడు. షాకిల్ బుష్షులు కూడా మారాయి. గ్రీజు నిపిల్ రాయిలా గడ్డకట్టి ఉంది.

మళ్లీ అదే స్పీడ్ బ్రేకర్. బండి దిగింది, ఒకసారి కుంగింది, లేచింది. అంతే. మీ చెయ్యి ఒళ్లోనే ఉంది.

"మూడొందల కిలోమీటర్లైనంక రా, మల్ల టైట్ చేయాలె."

"మీటరు ఎప్పుడో చచ్చిపోయింది మేస్త్రీ."

"అయితే నాలుగు షూటింగులైనంక రా."