సున్నా లేదా ఇరవై: గూడ్సు రైలు వెనుక ఒక లెక్క, దాని చరిత్ర

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊరు ఖరగ్‌పూర్. అక్కడ స్టేషన్ నుంచి ఐఐటీకి వెళ్లే దారిలో పూరీ గేట్ వస్తుంది. ఒక పక్క రైళ్లు, మరో పక్క 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ. ఈ రెండూ కలిసే ప్రశ్న ఒకటి చూద్దాం.

సమస్య ఏమిటి?

ఒక గూడ్సు రైలుకు కనీసం 20, గరిష్ఠం 58 వ్యాగన్లు అనుకోండి. అంటే వ్యాగన్ల సంఖ్య సున్నా కావచ్చు, లేదా 20 నుంచి 58 వరకు ఏదైనా పూర్ణాంకం కావచ్చు. 7 మాత్రం కుదరదు. ఇలాంటి రాశినే సెమీ-ఇంటీజర్ చలరాశి అంటారు. పూర్ణాంకం కావాలన్న షరతు లేకపోతే అది సెమీ-కంటిన్యువస్.

చరిత్ర

1939లో కాంటొరోవిచ్, 1947లో డాంట్‌జిగ్ లీనియర్ ప్రోగ్రామింగ్‌కు పునాది వేశారు. కానీ ఆ పద్ధతికి మధ్యలో ఖాళీ ఉన్న రాశి లొంగదు. 1958లో గొమొరీ కోత పద్ధతి, 1960లో ఐల్సా లాండ్, ఆలిసన్ డోయిగ్‌ల శాఖల పద్ధతి దారి చూపాయి. రైలు కదిలితే చాలు పడే స్థిర ఖర్చు దీనికి దగ్గరి సమస్య. కలకత్తా భారత గణాంక సంస్థలో చదివి, మిషిగన్‌లో ఆచార్యుడైన కట్టా గోపాలకృష్ణ మూర్తి 1968లో దీనిపైనే ఒక పరిష్కార పద్ధతి ప్రచురించారు.

ఎలా రాస్తారు?

వ్యాగన్లు x. రైలు నడిస్తే y = 1, లేకపోతే 0. అప్పుడు 20y ≤ x ≤ 58y. సాఫ్ట్‌వేర్ ముందు yని భిన్నంగా వదిలి లెక్క చేస్తుంది. x = 7 వస్తే రెండు శాఖలు చేస్తుంది: ఒకదానిలో x = 0, రెండోదానిలో x ≥ 20.

58 బదులు 10,00,000 రాస్తే? x = 7కి y = 0.000007 చాలు. చాలా సాఫ్ట్‌వేర్లు 0.00001 లోపు తేడాను సున్నాగానే తీసుకుంటాయి. స్థిర ఖర్చు లేకుండానే 7 వ్యాగన్ల రైలు కాగితం మీద నడిచిపోతుంది! అందుకే పై హద్దు నిజానికి దగ్గరగా ఉండాలి.

మీకెందుకు?

1980లలో మన రైల్వే విడి వ్యాగన్ల బుకింగ్ తగ్గించి పూర్తి రేక్‌ల వైపు మళ్లింది. వ్యాగన్లు త్వరగా తిరిగాయి. కానీ 7 వ్యాగన్ల సరుకున్న వ్యాపారి ఇంకో 13 కోసం ఆగాలి, లేదా లారీ ఎక్కించాలి. 1951లో 80 శాతానికి పైగా ఉన్న రైల్వే సరుకు వాటా నేడు మూడో వంతు కంటే తక్కువ. దీనికి కారణాలు అనేకం, ఈ కనీస హద్దు వాటిలో ఒకటి. 2030 నాటికి 45 శాతం అన్నది జాతీయ రైలు ప్రణాళిక లక్ష్యం.

జవాబులో రెండు వైపులా రాయండి: హద్దు ఎవరికి ఆదా చేసింది, ఎవరిని బయట నిలబెట్టింది.

సాధన ప్రశ్న: చిన్న సరుకుదారులను రైల్వే వైపు తిరిగి రప్పించే మార్గాలను చర్చించండి. (150 పదాలు)