పదునారేండ్ల ప్రాయమున పోరు



మన పురాణములును వీరగాథలును బాలవీరులను మిక్కిలి గౌరవించినవి. పద్మవ్యూహమున బడిన అభిమన్యుడు పదునారేండ్లవాడందురు. కార్యమపూడి కదనరంగమున గూలిన పలనాటి బాలచంద్రుని కథను వీరవిద్యావంతులు నేటికిని పాడుచున్నారు. అయితే ఈ యిరువురును రణరంగముననే మడిసినవారు. అభిమన్యుడు వ్యూహమునుండి ప్రాణములతో వెలువడి యుండినచో ముప్పదేండ్లకు ఎట్లుండెడివాడో, ఎనుబదేండ్లకు ఏమి తలపోసెడివాడో మన కవులు చెప్పలేదు. కవులు క్షమింతురు గాక, మాకు ఆ సంగతియే ముఖ్యముగా దోచుచున్నది. అట్లు వెలువడినవారు మన సత్తుపల్లి సీమకు ఉత్తరమున నున్న అడవులలోనే తిరుగాడిరి.

1948కి పూర్వము సత్తుపల్లి నైజాము రాజ్యమునకు పొలిమేర. అప్పుడిది వరంగల్లు జిల్లాలోనిది. ఖమ్మము ప్రత్యేక జిల్లా యైనది 1953లో. ఒక ప్రక్క తిరువూరు, చింతలపూడి ప్రాంతములు, అనగా చెన్నరాష్ట్రము. మరియొక ప్రక్క దమ్మపేట, అశ్వారావుపేట, పాల్వంచ అడవులు, వాని కావల గోదావరియు భద్రాద్రియు. రజాకార్ల దాడులకు తాళలేక సరిహద్దు గ్రామముల కుటుంబములు అనేకములు కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాలకు తరలిపోయినవి. 1948 సెప్టెంబరు 13న భారతసేనలు ప్రవేశించెను. 17వ తేదీకి నైజాము లొంగిపోయెను. లోకమునకు యుద్ధము ముగిసినది గాని, ఈ యడవులకు ముగియలేదు. నల్లగొండ, వరంగల్లు మైదానములలో నిలువలేకపోయిన కమ్యూనిస్టు దళములు పాల్వంచ, ఇల్లెందు అడవులలోనికి చొచ్చి, 1951 అక్టోబరు 21న పోరాటము విరమించువరకు సేనలతో పెనగులాడుచునే యుండెను.

ఆ దళములలో నొకదానికి నాయకత్వము వహించినామె భీమిరెడ్డి స్వరాజ్యము. తరువాతి కాలమున మల్లు స్వరాజ్యముగా ప్రసిద్ధి గాంచినది. అడవి చేరునాటి కామెకు ఇరువదేండ్లు నిండలేదు.

ఆమె 1931లో సూర్యాపేట ప్రాంతమున కర్విరాల కొత్తగూడెమున జన్మించెను. గాంధీమహాత్ముని పిలుపున సత్యాగ్రహము చేసిన బంధువుల కోరికపై ఆ పేరు పెట్టిరట. ఇంట భూమి గలదు, ధాన్యము గలదు, వెట్టివాండ్రును గలరు. పదునొకండేండ్ల వయస్సున ఆంధ్రమహాసభ బోధ చెవిని బడగానే ఆ పిల్ల తమ గాదెలోని బియ్యమును వెట్టివాండ్రకు పంచిపెట్టెను. ఆమె యుద్ధమునకు మొదటి రంగము సొంత యిల్లే యని చెప్పవలెను.

ఇచ్చట సంఘీయులతో నొకమాట మనవి చేయక తప్పదు. స్వరాజ్యము మన సంఘమున బుట్టినది. ఆమె యెదిరించిన దేశముఖులలో పలువురును మనవారే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చిచంపినవారు విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి మనుష్యులు. ఆమె కీర్తిని మన సంచికలలో ప్రకటించుకొని, ఆ కొమురయ్య రక్తమును మరచుట న్యాయము గాదు. రెండును మన చరిత్రయే.

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీనులు సాయుధపోరాటమునకు పిలుపునిచ్చిరి. అప్పటి కామెకు పదునారేండ్లు. మొదట వడిసెలలు, గుతపలు, కారపుపొడి, పిమ్మట తుపాకులు. ఉయ్యాలపాటల బాణిలో పోరుపాటలు గట్టి, వాకిళ్లలో పాడి స్త్రీలను కూడగట్టెను. ఆమె తలకు ప్రభుత్వము పదివేల రూపాయల వెల గట్టెను. ఈ యీడు పిల్లకు పెండ్లిచూపులు జరుగవలసిన దినములలో జరిగిన విశేష మిది.

అడవిలో ఆమె పేరు రాజక్క. కన్నవారు పెట్టిన పేరు ఎవరును పలుకరాదు, పలికిన ప్రాణాపాయము. తండ్రియీడు వారును ఆమెను 'అక్క' యనియే పిలిచిరి. ఈ చిన్న సంగతిలో మాకు గొప్ప యర్థము గోచరించుచున్నది. ఆడుకొనవలసిన వయస్సువారు ఒక్క రాత్రిలో పెద్దరికము దాల్చిరి. మరల పిన్నలు కాలేదు. రాత్రులు నడక, పగళ్లు పొదలచాటు, పొగ పైకి లేచునని పొయ్యి వెలిగింప వెరపు, గోదావరి యడవుల మలేరియా జ్వరము. నిన్న కలిసి తిన్నవాడు నేడు లేడు. ఏడ్చుటకు వ్యవధి లేదు. ఈ పోరున సుమారు నాలుగువేలమంది హతులైరని ఉద్యమనాయకులు లెక్క వ్రాసిరి.

వారికి అన్నము పెట్టి దారి చూపిన కోయల పాట్లు వేరు. దళములకు ఆశ్రయము దొరకకుండ సేనలు గూడెములను ఖాళీ చేయించి జనులను శిబిరములకు తోలినవి. పోడు పోయెను, రోగము వచ్చెను. చేత తుపాకి పట్టకయే ఆ గూడెముల పిల్లలు యుద్ధము ననుభవించిరి. వారి పేర్లు ఏ శిలాఫలకముపైనను లేవు.

ఇక 1951 తరువాతి కథ. బాలచంద్రునికి లేని కథ యిదియే. ఆయుధములు దింపగానే స్త్రీలలో పలువురికి లభించిన యాజ్ఞ యేమనగా, ఇండ్లకు పోయి వివాహము చేసికొని సంసారములు చక్కబెట్టుకొను డని. నిన్నటివరకు దళమును నడిపినామె నేడు అత్తయింట నీళ్లు తోడవలెను. చదువు మధ్యలో నాగినది. ఊరివారు అడవిలో నీవెవరితో నుంటివని సందేహదృష్టితో జూచిరి. స్త్రీశక్తి సంఘటనవారు ఆ వీరవనితల నోటిమాటలను సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' యను గ్రంథముగా ప్రకటించిరి. అందు గర్వ మున్నది, దానిప్రక్కనే ఆరని నొప్పియు నున్నది. అడవిలో కన్నబిడ్డను పరుల కప్పగించి దళముతో సాగిపోవలసి వచ్చిన కమలమ్మగారి కథ చదివి కన్ను చెమర్చనివారు అరుదు. ముప్పదేండ్లు వారి నెవరును అడుగలేదు.

స్వరాజ్యము మాత్రము ఇంట గూర్చుండలేదు. 1978, 1983 ఎన్నికలలో తుంగతుర్తినుండి శాసనసభకు ఎన్నికయ్యెను; మహిళాసంఘములలో జీవితాంతము పనిచేసెను. ఆమె తన బాల్యమును యుద్ధము హరించెనని విలపింపలేదు. ఆమెను దీనురాలిగా చిత్రించుట మాకును సమ్మతము గాదు. అయినను 2019లో వెలువడిన ఆత్మకథకు ఆమె పెట్టిన పేరు 'నా మాటే తుపాకి తూటా'. తుపాకి దించి అరువదియెనిమిదేండ్లైనను ఆ మాటలో తూటా మిగిలియే యున్నది! 2022 మార్చి 19న ఆమె హైదరాబాదున పరమపదించెను.

పదునెనిమిదేండ్లు నిండనివారిని పోరున దింపరాదని ఐక్యరాజ్యసమితి 2000లో ఒడంబడిక గావించెను. అటుపిమ్మటగూడ ఈ గోదావరి యడవులకు శాంతి లేదు. 2005 మొదలు ఛత్తీస్‌గఢ్ దంతెవాడలో మావోయిస్టులకును సల్వాజుడుమునకును నడుమ నలిగిన కోయకుటుంబములు వేలకొలది సరిహద్దు దాటి ఖమ్మము అడవులలో గుడిసెలు వేసికొనినవి. ఇరుపక్షములును లేబ్రాయమువారిని వాడుకొనినట్లు ఆరోపణలు వచ్చెను. గిరిజనయువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి పోరునకు వాడరాదని సుప్రీముకోర్టు 2011 జులైలో తీర్పు చెప్పెను. 1947–48లో మనవారు పొలిమేర దాటి కృష్ణాజిల్లాకు పరుగెత్తినట్లే వీరు మన పొలిమేరకు వచ్చిరి.

సంఘపోషకులకు మా విన్నపము. 1951లో పదునాలుగేండ్లవారు 1937లో పుట్టినవారు. వారిలో బ్రతికియున్నవారు మన గ్రామములలో కొలదిమందియే. చీటీలు మోసినవారు, గట్టుమీద కాపలా గాచినవారు, రజాకార్లకు వెరచి తల్లి కొంగు పట్టుకొని సరిహద్దు దాటినవారు, ఏ కులమువారైనను సరే, వారి యొద్దకు బోయి మాటలను వ్రాసికొనవలెను. దళమువారి మాటలే గాక గడీలవారి మాటలును వ్రాసికొనవలెను. వచ్చు వార్షికసంచికలో వానికి పుటలు కేటాయింపవలసినదిగా కోరుచున్నాము.