పాత బందరు అద్దకాలు: పుట్టుక గుర్తింపు

మచిలీపట్నం (బందరు) రేవునుంచి 17, 18 శతాబ్దాల్లో పారశీకానికీ, ఆగ్నేయాసియాకూ, ఐరోపాకూ వెళ్లిన రంగుల నూలుబట్టలు నేడు లండన్, న్యూయార్క్ మ్యూజియంలలో ఉన్నాయి. వాటిమీద కలం పట్టినవారి పేరు ఉండదు. కొన్నిటి అంచున డచ్చి, ఇంగ్లీషు కంపెనీల ముద్రలు కనిపిస్తాయి. అవి సరుకు ఎవరిదో చెబుతాయి, చేతిపని ఎవరిదో చెప్పవు. గోల్కొండ రాజ్యపు పనిగా పండితులు భావించే కొన్ని రుమాళ్లమీద ఉన్నవి రాజస్థాన్‌లోని అంబరు కోట ఖజానా ముద్రలు. అందుచేత పుట్టుక తేల్చడానికి ముద్రలకన్నా రంగూ గీతా ఎక్కువ పనికొస్తాయి.

మొదట చూడవలసింది ఎరుపు. 1611లో బందరులో మొదలైన ఇంగ్లీషు వర్తక స్థావరాన్ని కొన్నాళ్లు నడిపిన విలియం మెథ్వోల్డ్, ఇక్కడి బట్ట ఎన్ని ఉతుకులకూ వెలిసిపోకపోవడానికి చిరివేరు అనే రంగువేరే కారణమని రాశాడు. 1626లో అచ్చయిన ఆ వివరణ నేటికీ విలువైనదే. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డమీద పటిక నీళ్లతో గీసి, చిరివేరుతో ఉడకబెడితే పటిక తగిలినచోటే ఎరుపు పడుతుంది. మంజిష్ఠ జాతి వేళ్లలో ఉండే పర్పురిన్ అనే రంగుపదార్థం చిరివేరులో కనబడదు. ప్రయోగశాలలో తేడా తేలేది అక్కడే. అయితే చిరివేరును తమిళ తీరంలోనూ, జాఫ్నాలోనూ తవ్వేవారు. కాబట్టి ఆ పరీక్ష కోరమాండల్ తీరందాకా తీసుకువస్తుందే తప్ప బందరుదాకా కాదు. ఆపైన చెప్పేదంతా గీత తీరునుబట్టి చేసే ఊహే. మ్యూజియం చీటీలో ‘కోరమాండల్’ అని మాత్రమే ఉంటే అది నిజాయితీగా రాసిన చీటీ.

కలంపనిలో ఏ రెండు పువ్వులూ అచ్చంగా ఒకేలా ఉండవు. చెక్క అచ్చుల పనిలో అతుకు గీతలు వరసగా దొరుకుతాయి. గుడివాడ దారిలోని పెడనలో నేడు సాగేది ఈ అచ్చుల పనే. పాతవాటిలో ఆకులు నీలంగా కనిపిస్తే తప్పుపట్టకూడదు. నీలిమీద పూసిన పసుపు కాలక్రమంలో వెలిసిపోయిందన్నమాట.

విదేశీ అనుకరణలకు వేరే గుర్తులున్నాయి. 1774 చట్టం ప్రకారం ఇంగ్లండులో తయారైన అచ్చు నూలుబట్ట అంచులో మూడు నీలి పోగులు ఉండాలి. ఈ నియమం 1811 వరకు నడిచింది. అలాంటి అంచు ఉన్న బట్ట మనది కాదు. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు అలిజరిన్ అనే ఎరుపు రంగును కృత్రిమంగా చేశాక, ఎరుపు ఒక్కదాన్నే నమ్మి పుట్టుక చెప్పడం కుదరదు.

కృష్ణా డెల్టా ఇళ్లలో పాత అద్దకాలున్నవారు వాటిని సబ్బుతో ఉతకవద్దు, అంచులు కత్తిరించవద్దు. ఎవరి చేతిమీదుగా వచ్చిందో, ఏ ఊళ్లో అద్దించారో పెద్దలను అడిగి ఒక కాగితంమీద రాసి బట్టతోపాటే ఉంచండి.