వేలీ హౌస్‌లో దయ్యాల వేట: మీటర్లు ఏం చెబుతాయి, చరిత్ర ఏం చెబుతుంది

శాన్ డియాగోకి చుట్టాలొస్తే మనం తిప్పే చోట్లు దాదాపు ఒకటే. జూ, సీ వరల్డ్, బల్బోవా పార్క్, లా హోయా బీచ్, సాయంత్రానికి ఓల్డ్ టౌన్‌లో మెక్సికన్ భోజనం. భోజనం అయ్యాక నాలుగడుగులు వేస్తే శాన్ డియాగో అవెన్యూ మీద రెండంతస్తుల ఎర్ర ఇటుకల ఇల్లొకటి కనిపిస్తుంది. అదే వేలీ హౌస్ మ్యూజియం. అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ దయ్యాలున్న ఇల్లని దానికి పేరు. లోపలికి వెళ్ళాలని పిల్లలు పేచీ పెడతారు, అమ్మమ్మలు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. "నిజంగా ఏమైనా ఉందా అంకుల్?" అని నన్ను అడిగిన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ళ కోసం, వాళ్ళని తీసుకెళ్ళే పెద్దల కోసం నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఇంటి సంగతి. థామస్ వేలీ న్యూయార్క్ వాడు. బంగారం వేట రోజుల్లో, 1849లో, కాలిఫోర్నియా వచ్చి వ్యాపారంలో స్థిరపడ్డాడు. 1855లో ఈ స్థలం కొని, సొంత బట్టీలో ఇటుకలు కాల్పించి, 1857 నాటికి ఇల్లు కట్టాడు. మట్టి ఇటుకల ఇళ్ళ ఊళ్ళో అది పెద్ద మేడ. ఈ ఇంట్లో అందరూ ఆశ్చర్యపోయే సంగతి దయ్యాలు కాదు, ఒకే కప్పు కింద ఎన్ని పనులు జరిగాయన్నది. ఒక పక్క కాపురం, ఇంకో పక్క దుకాణం. 1868లో మేడ మీద గదిని ఒక నాటక బృందానికి అద్దెకిచ్చారు. 1869లో కౌంటీ కోర్టు ఇక్కడికే వచ్చింది, నెలకి 65 డాలర్ల అద్దె మీద. ఆ తర్వాత సముద్రం పక్కన కొత్త ఊరు లేచింది. రికార్డులు ఎవరి దగ్గర ఉండాలన్న తగాదా ముదిరి, 1871 మార్చి 31 రాత్రి తుపాకులు పట్టుకున్న మనుషులు వచ్చి కోర్టు కాగితాలన్నీ కొత్త ఊరికి ఎత్తుకుపోయారు. రావలసిన అద్దె కోసం వేలీ ఏళ్ళ తరబడి కౌంటీ చుట్టూ తిరిగాడు. ఇంటి ఓనర్ల కష్టాలు అప్పుడూ ఇవే!

దయ్యాల కథల్లో మొదటిది ఇల్లు కట్టకముందుది. 1852లో యాంకీ జిమ్ అని పిలిచే జేమ్స్ రాబిన్సన్‌ని ఈ స్థలంలోనే ఉరి తీశారు. అతని మీద రుజువైన నేరం ఒక పడవ దొంగతనం. దానికి ఉరి ఏమిటని ఇప్పుడు మనకి అనిపిస్తుంది. ఆ ఉరి చూసిన జనంలో వేలీ కూడా ఉన్నాడని చెబుతారు. మూడేళ్ళకి అదే స్థలం కొన్నాడు. ఇంట్లో చేరిన కొత్తలోనే మేడ మీద బరువైన అడుగుల చప్పుడు వినపడేదనీ, అది యాంకీ జిమ్‌దేనని కుటుంబం అనుకునేదనీ కథ. హాలుకీ సంగీతం గదికీ మధ్య ఉన్న ద్వారం దగ్గరే ఉరికొయ్య ఉండేదని గైడ్లు చూపిస్తారు. అక్కడ నిలబడితే గొంతు బిగిసినట్టుంటుందని చెప్పే సందర్శకులు ఇప్పటికీ ఉన్నారు. అయితే వాళ్ళలో ఎక్కువమంది ఆ మాట గైడ్ నోట విన్నాక నిలబడ్డవాళ్ళే.

రెండోది పసివాడి ఏడుపు. వేలీ దంపతుల కొడుకు, చిన్న థామస్, పద్దెనిమిది నెలల వయసులో 1858 జనవరిలో స్కార్లెట్ జ్వరంతో పోయాడు. యాంటీబయాటిక్స్ లేని కాలం, అలా పిల్లలు పోని ఇళ్ళు అప్పుడు ఎన్ని ఉంటాయి? మూడోది వయొలెట్ కథ. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

వేలీ చిన్న కూతురు లిలియన్ 1953లో కన్నుమూసింది. తర్వాత కూల్చివేత ముప్పు వస్తే స్థానికులు అడ్డుపడి కాపాడారు. 1960లో మ్యూజియంగా తెరిచారు. కాలిఫోర్నియా చారిత్రక స్థలాల జాబితాలో దీనిది 65వ నంబరు. దయ్యాల పేరు దేశమంతా పాకింది ఆ తర్వాతే. టీవీలో మనందరికీ తెలిసిన రీజిస్ ఫిల్బిన్ అప్పట్లో ఈ ఊళ్ళోనే పనిచేసేవాడు. 1964లో ఇక్కడ వేలీ భార్య ఆనా ఆకారాన్ని చూశానని, టార్చిలైటు వేయగానే అది మాయమైందని చెప్పాడు. మరుసటి ఏడాది దయ్యాల పుస్తకాలకి పేరుమోసిన హాన్స్ హోల్జర్, సిబిల్ లీక్ అనే మీడియంని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె ఆత్మలతో మాట్లాడానంది, ఆయన పుస్తకంలో రాశాడు. అమెరికా వాణిజ్య శాఖ ఈ ఇంట్లో దయ్యాలున్నాయని ధ్రువీకరించిందన్న మాట కూడా తరచూ వినపడుతుంది. ఇళ్ళలో దయ్యాల్ని తేల్చి సర్టిఫికెట్లు ఇవ్వడం ఆ శాఖ పని కాదు. ఆ మాట విని నవ్వుకోండి, అంతే.

ఇక పరిశోధన. రాత్రి మ్యూజియం మూశాక టికెట్ మీద చిన్న బృందాల్ని లోపలికి పంపే టూర్లున్నాయి. అలాంటిదానికి నేనూ ఒకసారి వెళ్ళాను. చేతికి ఒక మీటర్ ఇస్తారు. అది అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది, అయిదు చిన్న లైట్లుంటాయి. గోడలో వైరింగ్ ఉన్నా, జేబులో సెల్‌ఫోన్ సిగ్నల్ వెతుక్కుంటున్నా అవి వెలుగుతాయి. మా బృందంలో అందరం ఫోన్లు పూర్తిగా ఆఫ్ చేసి మెట్ల మీద కూర్చున్న అరగంటలో ఒక్కసారీ వెలగలేదు. ఎవరో టైం చూద్దామని ఫోన్ ఆన్ చేశారు, నాలుగు లైట్లు వెలిగాయి, ఒకావిడ కెవ్వుమంది.

చల్లటి చోట్లు వెతకడానికి తుపాకీలా ఉండే థర్మామీటర్ వాడతారు. అది గాలి వేడిని కొలవదు, ఎదురుగా ఉన్న గోడ లేదా అద్దం వేడిని కొలుస్తుంది. పాత కిటికీ వైపు తిప్పితే అంకె పడిపోతుంది, అదే పెద్ద వింత. ఫోటోల్లో తెల్లటి గుండ్రటి చుక్కలు కనపడితే, అవి కెమెరా ముందు ఫ్లాష్ వెలుగు పడ్డ దుమ్ము కణాలు. పాత ఇంట్లో దుమ్ముకి కరువేముంది.

స్పిరిట్ బాక్స్ అని ఇంకొకటుంది. రేడియో స్టేషన్ల మీద ఆగకుండా తిరిగే పరికరం అది. మధ్యలో దొరికే ముక్కల్ని ఆత్మల జవాబులనుకుంటారు. మెక్సికో సరిహద్దుకి ఇంత దగ్గరున్న ఊళ్ళో దాంట్లోంచి వచ్చేవి ఎక్కువగా స్పానిష్ ముక్కలే. యాంకీ జిమ్ ఆ భాష ఎప్పుడు నేర్చాడో మరి.

టేపు మీద వినపడే గొంతుల సంగతి నాకు వీటన్నిటికంటే ఆసక్తి. 1959లో స్వీడన్‌లో పక్షుల కూతలు రికార్డు చేసుకుంటూ చనిపోయినవాళ్ళ మాటలు విన్నానని ఫ్రెడరిక్ యూర్గెన్సన్ చెప్పడంతో ఈ పద్ధతికి ప్రచారం వచ్చింది. మా రాత్రి రికార్డులో కూడా ఒక గరగర శబ్దం దొరికింది. గైడ్ "హెల్ప్ మీ" అంటోందన్నాడు, వెంటనే అందరికీ అలాగే వినపడింది. ఆ ముక్కని ఇంటికొచ్చాక ముగ్గురికి, ఏమీ చెప్పకుండా, విడివిడిగా వినిపించి కాగితం మీద రాయమన్నాను. ఒకరు ఏమీ లేదన్నారు. ఒకరు కుర్చీ చప్పుడన్నారు. మా బావగారు మాత్రం "వెళ్ళమ్మా" అని తెలుగులో రాశారు! చెవికి అలవాటైన మాటల్ని మెదడు అలా అతికిస్తుంది. మీరు వెళితే ఈ కాగితం పరీక్ష తప్పకుండా చేసి చూడండి, పిల్లలకి సైన్సు పాఠం కూడా అయిపోతుంది.

చప్పుళ్ళ విషయానికొస్తే, ఓల్డ్ టౌన్ పక్కనే రైలు పట్టాలు, ట్రాలీ, ఫ్రీవే, కూతవేటు దూరంలో విమానాశ్రయం. పగలంతా ఎండకి వేడెక్కిన చెక్క రాత్రి చల్లబడి సంకోచిస్తూ చిటపటమంటుంది. మెట్ల మీద ఒక దాని తర్వాత ఒకటి చిటపటమంటే అడుగులేననిపిస్తుంది. చెవికి వినపడని తక్కువ పౌనఃపున్యపు కంపనాలు కూడా భయం పుట్టించగలవని ఒక వాదన ఉంది. ఇంగ్లండ్‌లో విక్ టాండీ అనే ఇంజనీరు తన లాబ్‌లో దయ్యానికి కారణం ఒక ఫ్యాన్ పుట్టిస్తున్న 19 హెర్ట్జ్ కంపనమని 1998లో రాశాడు. అందరూ దాన్నే పట్టుకున్నారు. కానీ 2009లో లండన్‌లో క్రిస్ ఫ్రెంచ్ బృందం ప్రచురించిన ప్రయోగంలో 79 మందిని ఒక ఖాళీ గదిలో కూర్చోబెట్టి, ఆ కంపనాలూ విద్యుదయస్కాంత క్షేత్రాలూ ఉన్నప్పుడూ లేనప్పుడూ చూశారు. చాలామందికి వింత అనుభూతులు కలిగాయి, కానీ అవి ఉన్నాయా లేవా అన్నదానితో సంబంధం లేకుండా. ఏదో జరగొచ్చని ముందే చెప్పడమే అసలు కారణం కావచ్చని వాళ్ళ అభిప్రాయం. మన ఊళ్ళో చింతచెట్టు దగ్గర జరిగేదీ అదే కదా.

కాబట్టి నేను చూసినంతలో ఆ ఇంట్లో దయ్యముందని చూపించే ఆధారం ఒక్కటీ లేదు. ఒక్క విషయంలో మాత్రం నాకు ఇబ్బంది ఉంది. అది వయొలెట్.

వయొలెట్ వేలీ కూతురు. 1882లో పెళ్ళయింది. భర్త కట్నం మీద కన్నేసిన మోసగాడని కొద్దిరోజుల్లోనే తేలి, వదిలేసి పోయాడు. 1884లో విడాకులు వచ్చాయి. విడాకులు తీసుకున్న ఆడపిల్లని ఆ ఊరు చూసిన చూపు ఎలాంటిదో మన వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. కుటుంబానికి తెలిసే మనోవ్యాధితో బాధపడింది. 1885 ఆగస్టులో, ఇరవై రెండేళ్ళకి, ఈ ఇంట్లోనే ప్రాణం తీసుకుంది. ఆ తర్వాత కుటుంబం ఇక్కడ ఉండలేక కొత్త ఊళ్ళోకి మారింది. ఇప్పుడు చీకట్లో పాతికమంది మీటర్లు పట్టుకుని "వయొలెట్, లైటు వెలిగించు" అని పిలుస్తారు. నా పక్కన పన్నెండేళ్ళ పిల్ల కూడా పిలిచింది, సరదాగా. ఆ టికెట్ల డబ్బుతోనే ఇల్లు నిలబడుతుందన్న వాదన నాకు తెలుసు, దాన్ని కొట్టిపారేయను. 1909 నుంచే వేలీ కొడుకు ఫ్రాన్సిస్ ఇల్లు బాగు చేయించి, బోర్డు పెట్టి, వచ్చినవాళ్ళకి గిటార్ వాయించి వినిపించేవాడట. అది కూడా వ్యాపారమే. కాని చెల్లెలిని పిలిచి లైటు వెలిగించమనలేదు.

పిల్లలతో వెళ్ళేవాళ్ళు పగలు వెళ్ళండి. కోర్టు గది, దుకాణం, నాటకాల గది పగటి వెలుగులోనే బాగా కనపడతాయి, చదవడానికి తీరిక ఉంటుంది. వయొలెట్ కథ పిల్లలు అడిగితే వాళ్ళ వయసుని బట్టి మీరే చెప్పండి, గైడ్ చెప్పేదాకా ఆగొద్దు. ఆ తర్వాత అదే వీధిలో ఎల్ కాంపో శాంటో అనే చిన్న శ్మశానం ఉంది, దానికి టికెట్ లేదు. యాంకీ జిమ్ సమాధి అక్కడే. ఊరు పెరిగినప్పుడు శ్మశానంలో కొంత భాగం మీదుగా రోడ్డు వేసేశారు. కింద ఎవరో ఉన్నారని తెలియడానికి కాలిబాటలోనూ రోడ్డులోనూ చిన్న గుండ్రటి ఇత్తడి బిళ్ళలు పాతారు. కార్లు వాటి మీదుగానే పోతుంటాయి. పిల్లల్ని లెక్కపెట్టమనండి.