పేర్లకు ముఖాలు తొడిగిన సినిమా

1978 జూలైలో అమెరికాలో ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ అనే సినిమా విడుదలయింది. పేరు బీటిల్స్ బృందం 1967లో వెలువరించిన రికార్డుది. పాటలు కూడా వారివే. అధికభాగం ఆ రికార్డులోనివి, 1969 నాటి ‘అబీ రోడ్’లోనివి. పాడినవారు మాత్రం వేరు: బీ జీస్ సోదరులు ముగ్గురు, పీటర్ ఫ్రాంప్టన్, వారితోబాటు మరెందరో. విమర్శకులు ఆ చిత్రాన్ని చీల్చి చెండాడారు. రాక్ సంగీతంతో తీసిన చెడ్డ సినిమాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నేటికీ దీని పేరు ముందు వినబడుతుంది. తీర్పుతో నాకు పేచీ లేదు. కానీ ఇంతమంది సమర్థులు కలిసి ఇంత ఘోరంగా ఎలా విఫలమయ్యారన్నది ఆలోచించదగిన విషయమే.

నిర్మాత రాబర్ట్ స్టిగ్‌వుడ్. ఆస్ట్రేలియాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన వ్యాపారి. 1967లో ఆయన బీటిల్స్ వ్యవహారాలు చూసే బ్రయాన్ ఎప్‌స్టీన్ సంస్థలో చేరాడు. ఆ ఆగస్టులో ఎప్‌స్టీన్ మరణించగా, స్టిగ్‌వుడ్ అజమాయిషీలో పనిచేయడానికి బీటిల్స్ ససేమిరా అన్నారు. ఆయన బీ జీస్‌ను వెంటబెట్టుకొని బయటకు వచ్చి సొంత సంస్థ పెట్టుకున్నాడు. తనను కాదన్నవారి పాటలనే పదేళ్ళ తర్వాత తన మనుషులచేత పాడించాడు. దీనిని పగ అనలేను గానీ, కేవలం కాకతాళీయమనడానికీ మనసొప్పదు.

అప్పటికే ఆయన ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ (1973), ‘టామీ’ (1975) తీసి గెలిచాడు. ఆ రెండింటికీ మూలం రికార్డులే. అయితే అవి కథ చెప్పడానికే వ్రాసిన పాటలు. ‘పెప్పర్’ సంగతి అది కాదు. ఒక కల్పిత బృందం కచేరీ చేస్తున్నదన్న ఊహ మొదటి రెండు పాటలలోనూ, చివరలో ఒకసారీ పలకరిస్తుంది, అంతే. తక్కిన పాటలు దేనికవే. 1974లో న్యూయార్క్‌లో స్టిగ్‌వుడ్ ఈ పాటలతో రంగస్థల ప్రదర్శన ఒకటి పెట్టించాడు. అది ఎక్కువకాలం నడవలేదు. పాటల హక్కులు మాత్రం చేతిలో మిగిలాయి. వాటి చుట్టూ కథ అల్లే పని పత్రికలలో సంగీతం గురించి వ్రాసే హెన్రీ ఎడ్వర్డ్స్‌కు అప్పగించారు. ఆయనకు అంతకుముందు సినిమా వ్రాసిన అనుభవం లేదు.

అసలు అనర్థం ఇక్కడ మొదలయింది. ఎడ్వర్డ్స్ పాటలలోని పేర్లన్నిటినీ ఏరి ఒక్కొక్క పాత్రను తయారుచేశాడు. ‘స్ట్రాబెరీ ఫీల్డ్’ అన్నది లివర్‌పూల్‌లో జాన్ లెనన్ పెరిగిన ఇంటికి దగ్గరలో సాల్వేషన్ ఆర్మీవారు నడిపిన అనాథాశ్రమం పేరు. ఆయన చిన్ననాటి జ్ఞాపకం అది. సినిమాలో అది కథానాయిక పేరయింది! మిస్టర్ కైట్ 1843 నాటి సర్కస్ ప్రకటనలోని మనిషి; ఆ పాత కాగితాన్ని లెనన్ ఒక దుకాణంలో కొని తెచ్చుకున్నాడు. సినిమాలో ఆయన హార్ట్‌లాండ్ అనే అమెరికన్ పట్నానికి మేయరు. ఇల్లు విడిచి వెళ్ళే అమ్మాయి పాట ఉంది. మూలంలో ఆమెకు పేరు లేదు. వినే ప్రతి ఒక్కరికీ తామెరిగిన ఏ పిల్లో మనసులో మెదులుతుంది. సినిమాలో ఆమె కూడా స్ట్రాబెరీయే. పెట్టె సర్దుకుంటుంది, బస్సెక్కుతుంది. ఇక మనం ఊహించుకోవడానికేమీ మిగలదు.

మాటలన్నీ ఎనభై దాటిన హాస్యనటుడు జార్జ్ బర్న్స్ ఒక్కడివే. మేయరు కైట్ ఆయనే. తక్కినవారు నోరు తెరిస్తే పాటే. మాయ వాద్యాలు దొంగల పాలవుతాయి, ఊరు పాడవుతుంది, నలుగురు యువకులు వాటిని వెదుకుతూ పోతారు. మధ్యలో స్టీవ్ మార్టిన్ వైద్యుడిగా వచ్చి సుత్తితో ముసలివారిని పడుచువారిని చేస్తాడు. దర్శకుడు మైకేల్ షుల్జ్ అంతకుముందు ‘కార్ వాష్’ (1976) వంటి చక్కని చిత్రం తీసినవాడే. పాపం, ఈ సామగ్రితో ఆయన మాత్రం ఏం చేయగలడు?

వ్యాపారం లెక్క వేరు. 1977 డిసెంబరులో వచ్చిన ‘సాటర్డే నైట్ ఫీవర్’ కూడా స్టిగ్‌వుడ్‌దే. దాని పాట ఒకటి సెప్టెంబరు నుంచే రేడియోలో మోగింది. పాట సినిమాను అమ్మింది, సినిమా పాటను అమ్మింది. అదే కిటుకు ఇక్కడా పారుతుందనుకొని జంట రికార్డులను లక్షలలో ముద్రించి దుకాణాలకు తోలారు. అమ్ముడుపోని సరుకును తిరిగి పంపే సౌకర్యం దుకాణదారులకు ఉండేది. మొదట్లో ఆ రికార్డు అమెరికా పట్టికలో అయిదవ స్థానం దాకా ఎక్కింది. ఆ తర్వాత పెట్టెలకు పెట్టెలు తిరుగుటపాలో వచ్చాయి. ‘ఫీవర్’ పాటలు కొత్తవి. ఈ పాటల మూల రికార్డులు కొనేవారి ఇళ్ళలో అప్పటికే ఉన్నాయి.

బీటిల్స్ రికార్డులకు రూపమిచ్చిన జార్జ్ మార్టినే ఈ సంగీతాన్నీ పర్యవేక్షించాడు. అందువల్లనేమో చాలా పాటలు మూలానికి శుభ్రమైన నకళ్ళలా ఉంటాయి. వినడానికి ఇబ్బందేమీ లేదు, వినవలసిన అవసరమూ లేదు. ‘ఎర్త్, విండ్ అండ్ ఫైర్’ బృందం మాత్రం 1966 నాటి ‘గాట్ టు గెట్ యూ ఇంటూ మై లైఫ్’ను తీసుకొని, నడక మార్చి, ఇత్తడి వాద్యాలను తమ ధోరణిలో పలికించి, అది తమ పాటే అనిపించారు. అమెరికా పట్టికలో తొమ్మిదవ స్థానానికి చేరిన ఆ పాట సినిమా మునిగినా తేలింది. మూలంలోనూ ఇత్తడి వాద్యాలున్నాయి. రెండూ వరుసగా విన్నవారికి ఎవరి దారి వారిదని తెలుస్తుంది.

బీ జీస్ 1979లో కొత్త పాటలతో మళ్ళీ పట్టికల తలకెక్కారు. ఫ్రాంప్టన్‌కు మాత్రం 1976లో ‘ఫ్రాంప్టన్ కమ్స్ అలైవ్’ తెచ్చిన వైభవం తిరిగి రాలేదు. 2007లో జూలీ టేమర్ ‘అక్రాస్ ద యూనివర్స్’ తీసినప్పుడు కూడా నాయకుడి పేరు జ్యూడ్, నాయిక పేరు లూసీ. ఆ చిత్రంలో నటులే కొత్తగా పాడారు గనుక కొంత నయం.

చివరి ఘట్టంలో ఊరి మధ్యనున్న సార్జెంట్ పెప్పర్ బొమ్మకు ప్రాణం వస్తుంది. బంగారు దుస్తులలో మెరుపులు విసురుతూ, చనిపోయిన స్ట్రాబెరీని బ్రతికిస్తూ ‘గెట్ బ్యాక్’ పాడేది బిల్లీ ప్రెస్టన్. 1969లో ఆ పాటను బీటిల్స్ రికార్డు చేసినప్పుడు వారి ప్రక్కన కూర్చొని కీబోర్డు వాయించినవాడు ఆయనే. రికార్డు మీద బీటిల్స్ పేరు ప్రక్కన ఆయన పేరు కూడా అచ్చయింది.